ఇంట్లో ఎలిప్టికల్ – రెండో పాఠం: అడుగు పొడవు, తలపైన జాగా, కింద నేల

ఎలిప్టికల్ అంటే నిలబడి, పెడళ్ల మీద నడిచినట్టు తొక్కే వ్యాయామ మెషిన్. అది ఎవరికి పనికొస్తుంది, ఎవరికి మామూలు నడకే చాలు అన్నది మొదటి పాఠంలో చూశాం. మే నెలలో నల్లగొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ ఎండెక్కాక గ్రౌండులో నడవడం కష్టం. కొందామని గట్టిగా అనుకున్నవాళ్ల కోసమే ఈ పాఠం. కొలత టేపు, సుద్దముక్క దగ్గర పెట్టుకోండి. ధరల సంగతి ఇప్పుడే వద్దు.

ముందు అడుగు పొడవు. షాపులో స్ట్రైడ్ అని అడగండి. పెడల్ ముందుకు వెళ్లే చివరి చోటుకూ, వెనక్కి వచ్చే చివరి చోటుకూ మధ్య దూరమే ఇది. తక్కువ ధరకు దొరికే మెషిన్లలో చాలావాటికి 12, 14 అంగుళాలకు మించదు. అయిదున్నర అడుగుల మనిషి దాని మీద ఎక్కితే నడిచినట్టు ఉండదు, ఉన్నచోటే మెట్లెక్కినట్టు ఉంటుంది. మోకాలు మాటిమాటికీ ఎక్కువగా వంగి భారమంతా దాని మీదే పడుతుంది. కీళ్లకు మంచిదని కొన్న మెషినే నొప్పి తెచ్చిపెడుతుంది. నా దృష్టిలో ఈ ఒక్క కొలత మిగతా హంగులన్నిటికంటే ముఖ్యం.

మామూలుగా చూసే లెక్క చెబుతాను. అయిదడుగుల మూడంగుళాల లోపు వాళ్లకు 14 నుంచి 16 అంగుళాలు, అక్కణ్నుంచి అయిదడుగుల ఏడంగుళాల దాకా 16 నుంచి 18, ఆపైన 18 నుంచి 20. ఇంట్లో అమ్మ పొట్టిగా, కొడుకు పొడుగ్గా ఉంటే రోజూ ఎక్కేది ఎవరో వాళ్ల కొలతే తీసుకోండి.

బాక్సు మీది అంకెతో సరిపెట్టుకోకండి. షాపులో పెడల్‌ను చేత్తో పూర్తిగా ముందుకు నెట్టి, దాని ముందు అంచుకు సరిగ్గా కింద నేల మీద సుద్దతో గీత గీయండి. తర్వాత పూర్తిగా వెనక్కి లాగి, అదే అంచు కింద ఇంకో గీత. రెండు గీతల మధ్య టేపు పెడితే అసలు లెక్క తేలుతుంది. ఆ తర్వాత ఎక్కి అయిదు నిమిషాలైనా ఆగకుండా తొక్కండి. వీపు వంగకుండా చేతులు హ్యాండిల్‌కు అందాలి. రెండు పెడళ్ల మధ్య ఎడం ఎక్కువై కాళ్లు పంగజాచినట్టు అయితే తుంటి, నడుము పట్టేస్తాయి. అలాంటిది వద్దు.

మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్ల వల్ల కీళ్లు బిగుసుకుపోయిన పెద్దవాళ్లు ఉన్నారు. వాళ్ల కోసం కొనేవాళ్లు ముందు డాక్టరుకు చూపించి, మోకాలు, తుంటి ఎంతవరకు వంగొచ్చో అడగండి. ఆ మాట తెలియకుండా అడ్వాన్సు కట్టొద్దు.

ఇక తలపైన జాగా. పెడల్ అన్నిటికంటే పైకి లేచినప్పుడు నేల నుంచి ఎంత ఎత్తుందో కొలవండి. దానికి మీ ఎత్తు, ఇంకో ఆరంగుళాలు కలపండి. పెడల్ 16 అంగుళాలు లేస్తుంది, మీరు 68 అంగుళాలు అనుకుంటే మొత్తం 90, అంటే ఏడున్నర అడుగులు. పదడుగుల స్లాబ్ గదిలో ఇబ్బంది లేదు, ఫ్యాను రెక్కల కింద మాత్రం పెట్టకండి. సజ్జ కిందా, మేడ మీది రేకుల గదిలో వాలు దిగిన వైపునా తల తగులుతుంది. రేకుల గది ఎండాకాలం పనికిరాదు కూడా.

నేల సంగతి చాలామంది మర్చిపోతారు. మన పాత ఇళ్లలో షాబాద్ బండలు. రెండు బండల అతుకు దగ్గర కాస్త ఎగుడుదిగుడు ఉన్నా మెషిన్ ఊగుతుంది, ఊగితే బోల్టులు లూజవుతాయి, చప్పుడు మొదలవుతుంది. మెషిన్ కాళ్ల కింద ఎత్తు సరిచేసే తిప్పుడు మరలు ఉన్నాయో లేదో షాపులోనే వంగి చూడండి. కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేయండి, గోనెపట్టా జారుతుంది.

వచ్చే పాఠానికి ముందు మీ ఇంట్లో మెషిన్ పెట్టే చోటు పొడవు, వెడల్పు, ఎత్తు, తలుపు వెడల్పు, మేడ మెట్ల మలుపు కొలిచి రాసిపెట్టుకోండి. మూడో పాఠంలో ఫ్లైవీల్ (తొక్కుతుంటే లోపల తిరిగే బరువైన చక్రం) బరువు, కరెంటు లేకుండా నడిచే రకాలు, హైదరాబాద్ నుంచి మెకానిక్ రావాల్సొస్తే వారంటీలో ఏం రాయించుకోవాలో చూద్దాం.