లేటెక్స్ పడనివారు కండోమ్‌ను ఎలా ఎంచుకోవాలి? ఎలా వాడాలి?

కండోమ్ వాడిన ప్రతిసారీ దురద, మంట, వాపు వస్తుంటే చాలామంది ఎవరికీ చెప్పుకోలేక చివరికి కండోమే మానేస్తారు. అంత అవసరం లేదు. మన మెడికల్ షాపుల్లో దొరికే కండోముల్లో చాలావరకు రబ్బరు చెట్టు పాల నుంచి తీసిన సహజ లేటెక్స్‌తో తయారైనవే. ప్రభుత్వం ఉచితంగా పంచే నిరోధ్ కూడా అదే కోవలోకి వస్తుంది. ఆ పాలలోని ప్రొటీన్లు పడనివారి కోసం వేరే పదార్థాలతో చేసిన కండోములు మార్కెట్లో ఉన్నాయి. అయితే వాటన్నిటినీ ‘నాన్ లేటెక్స్’ అనే ఒకే పేరుతో పిలిచినా గుణాలు మాత్రం ఒకటి కావు. నూనె తగలవచ్చా, సుఖవ్యాధుల నుంచి రక్షణ ఉంటుందా, జారిపోయే అవకాశం ఎంత అన్నవన్నీ అది దేనితో తయారైందన్న దానిపైనే ఆధారపడి ఉంటాయి.

ముందుగా కారణం లేటెక్సేనా అని తేల్చుకోండి

బెలూన్ ఊదినప్పుడు పెదవులు వాచడం, రబ్బరు గ్లవ్స్ వేసుకున్నప్పుడు చేతులపై దద్దుర్లు రావడం, దంతవైద్యుడి దగ్గర చికిత్స తర్వాత నోటి చుట్టూ దురద పుట్టడం వంటివి గతంలో జరిగి ఉంటే లేటెక్స్‌ను గట్టిగానే అనుమానించాలి. రోజూ గ్లవ్స్ వాడే నర్సులు, ల్యాబ్ సిబ్బందిలోనూ, చిన్నతనం నుంచి పలుమార్లు శస్త్రచికిత్సలు జరిగినవారిలోనూ ఈ ఎలర్జీ ఎక్కువగా కనిపిస్తుంది. వీరిలో కొందరికి అరటిపండు, బొప్పాయి, కివీ, అవకాడో కూడా పడవు. ఎలర్జీ ఇద్దరిలో ఎవరికైనా ఉండవచ్చు కాబట్టి తొడుక్కునే మనిషి ఒక్కరికే దీన్ని పరిమితం చేసి చూడకూడదు.

ప్రతి మంటకూ లేటెక్సే కారణం కాదు. ఎక్కువసేపు నిలిచేందుకని అమ్మే కండోముల్లో తిమ్మిరి పుట్టించే బెంజోకైన్ ఉంటుంది. కొన్నిట్లో సువాసనలు, రుచులు కలుపుతారు. కొన్నిటికి వీర్యకణాలను చంపే నోనాక్సినాల్-9 పూస్తారు. ఈ చివరిది యోని పొరను రేపి హెచ్ఐవీ సోకే ముప్పును పెంచగలదు కనుక దాన్ని ఎవరూ ఎంచుకోకపోవడమే మేలు. వాడిన ఒకటి రెండు రోజుల తర్వాత దద్దుర్లు వస్తే, రబ్బరును గట్టిపరచడానికి కలిపే రసాయనాలు కారణం కావచ్చు. చర్మవైద్యుడు గానీ ఎలర్జీ నిపుణుడు గానీ పరీక్షలు చేసి ఈ తేడా చెప్పగలరు. ఆయాసం, గొంతు బిగుసుకోవడం, ముఖం వాచడం, కళ్లు తిరగడం వంటివి ఒక్కసారి వచ్చినా ఇంట్లో మళ్లీ ప్రయోగం చేసి చూడకూడదు; వెంటనే 108కి ఫోన్ చేయాలి.

పెట్టెపై పదార్థం పేరు చదవండి

‘అల్ట్రా థిన్’ వంటి మాటలు మందం గురించి చెబుతాయే తప్ప పదార్థం గురించి కాదు. వెతకవలసిన పేర్లు ఇవి.

పాలీఐసోప్రీన్ ఒక కృత్రిమ రబ్బరు. సాగే గుణంలో లేటెక్స్‌కు చాలా దగ్గరగా ఉంటుంది, చెట్టు ప్రొటీన్లు ఉండవు. స్కిన్ (SKYN), డ్యూరెక్స్ రియల్ ఫీల్ అనే బ్రాండ్లు ఈ రకానివి. మొదటిసారి మారేవారికి నేను సూచించేది దీన్నే. అయితే గట్టిపరిచే రసాయనాలు దీనిలోనూ ఉండవచ్చు కాబట్టి, వాటివల్లే ఇబ్బంది పడుతున్నవారికి ఇది సరిపడకపోవచ్చు.

పాలీయురేథేన్ ఒక పలుచని ప్లాస్టిక్. జపాన్‌కు చెందిన సగామి ఒరిజినల్ ఈ రకానిది. వాసన ఉండదు, శరీరపు వెచ్చదనం బాగా తెలుస్తుంది. కానీ తక్కువగా సాగుతుంది కనుక కొలత సరిపోకపోతే వదులై జారిపోతుంది లేదా బిగుతై చిరుగుతుంది. లేటెక్స్‌తో పోల్చి జరిపిన పరీక్షల్లో ఈ రకం ఎక్కువగా చిరిగినట్టు తేలింది.

ఇక అమెరికాలోని తెలుగువారికి అక్కడి ఫార్మసీల్లో లాంబ్‌స్కిన్ కండోములు కనిపిస్తాయి. గొర్రె పేగు పొరతో చేసే ఇవి వీర్యకణాలను ఆపుతాయి గానీ, పొరలోని సూక్ష్మరంధ్రాల గుండా హెచ్ఐవీ, హెపటైటిస్-బి వంటి వైరస్‌లు దాటగలవు. గర్భనిరోధం ఒక్కటే అవసరమైన, ఇద్దరూ పరీక్షలు చేయించుకున్న జంటలకే ఇవి తగినవి.

నూనె విషయంలో జాగ్రత్త

కొబ్బరినూనె, వాసెలిన్, బేబీ ఆయిల్, నెయ్యి, చేతికి రాసుకునే క్రీములు పాలీఐసోప్రీన్‌ను లేటెక్స్ మాదిరిగానే కొద్ది నిమిషాల్లో బలహీనపరుస్తాయి. నాన్ లేటెక్స్ అంటే ఏ నూనె అయినా పనికొస్తుందన్న అపోహ ఇక్కడే దెబ్బతీస్తుంది. కృత్రిమ పదార్థాల్లో పాలీయురేథేన్, నైట్రైల్ (కొన్ని స్త్రీల కండోములకు వాడే మరో కృత్రిమ రబ్బరు) నూనెను తట్టుకోగలవు. ఏదో తేల్చుకోలేనప్పుడు నీటి ఆధారిత జెల్ గానీ సిలికాన్ జెల్ గానీ వాడితే సరిపోతుంది. యోనిలో పెట్టుకునే కొన్ని ఫంగస్ మందుల్లోనూ నూనె పదార్థాలుంటాయి. ఆ చికిత్స సాగినన్నాళ్లు కండోమ్‌పై ఆధారపడవచ్చో లేదో డాక్టరును అడగాలి.

తొడుక్కునే విధానం

కండోములను చల్లని, పొడి చోట దాచాలి. మే నెల ఎండలో నిలిపిన స్కూటర్ డిక్కీ, కారు డ్యాష్‌బోర్డు, రోజంతా ఒరుసుకునే పర్సు దీనికి తగిన చోట్లు కావు.

1. గడువు తేదీ చూసి, పొట్లాన్ని రెండు వేళ్ల మధ్య నెమ్మదిగా నొక్కండి. లోపలి గాలి చిన్న దిండులా ఎదురు నొక్కినట్టు అనిపించాలి. చప్పబడిపోయి ఉంటే ఎక్కడో చిల్లు పడినట్టే, పారేయండి.
2. కండోమ్‌ను లోపల ఒక పక్కకు జరిపి రెండో పక్కన చేతితో చింపండి. పళ్లు, కత్తెర వద్దు.
3. చుట్ట బయటివైపుకు ఉందో లేదో చూడండి. తిరగేసి పెట్టారని గమనిస్తే దాన్నే మళ్లీ తిప్పి వాడకండి; దానికి అప్పటికే స్రావం అంటి ఉండవచ్చు. కొత్తది తీయండి.
4. అంగం పూర్తిగా గట్టిపడిన తర్వాత, కొనలో గాలి లేకుండా వేళ్లతో నొక్కి పట్టుకుని మొదలు వరకు దించండి. పాలీయురేథేన్ సరిగా దిగకపోతే బలంగా లాగకుండా పెద్ద కొలతకు మారండి.
5. స్ఖలనం కాగానే, గట్టిదనం తగ్గకముందే అంచును పట్టుకుని బయటకు తీయండి. ముడివేసి, కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయండి.

ఒకదానిపై ఒకటి తొడగడం వల్ల రక్షణ రెట్టింపు కాదు. రాపిడికి రెండూ చిరగవచ్చు.

స్త్రీలు లోపల అమర్చుకునే కండోముల్లో ఎఫ్‌సీ2 నైట్రైల్‌తో చేసినది కాబట్టి లేటెక్స్ పడనివారికి పనికొస్తుంది. స్త్రీల కండోములన్నీ అలాంటివి కావు; నాసిక్‌కు చెందిన క్యూపిడ్ సంస్థ తయారుచేసేది సహజ లేటెక్స్‌దే. లోపలి రింగును నొక్కి, టాంపన్ (నెలసరిలో యోనిలో పెట్టుకునే దూది చుట్ట) పెట్టినట్టు వీలైనంత లోపలికి చేర్చాలి, బయటి రింగు బయటే ఉండాలి. అంగం దాని పక్కనుంచి కాక లోపలికే వెళ్లేలా చేతితో సరిచూడాలి. పురుషుల కండోమ్‌తో కలిపి వాడకూడదు.

చిరిగితే, జారితే

గర్భం రాకుండా లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల మాత్రను 72 గంటల్లోపు వేసుకోవాలి. ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. డాక్టరు 5 రోజుల్లోపు అమర్చే కాపర్-టీ ఇంకా సమర్థంగా పనిచేస్తుంది. భాగస్వామి హెచ్ఐవీ స్థితి తెలియకపోతే, ఆ 72 గంటల్లోపే ఏఆర్‌టీ కేంద్రం (హెచ్ఐవీ మందులిచ్చే విభాగం) ఉన్న ఆసుపత్రికి వెళ్లి, 28 రోజులు వాడవలసిన నివారణ మందుల గురించి అడగాలి. ఎక్కడికి వెళ్లాలో తెలియనప్పుడు జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయవచ్చు.