మ్యాపులో మలుపు ఎక్కడ విరిగింది?

విజయవాడలో డెలివరీ బండ్ల కోసం మ్యాపు సరిదిద్దే పని మాది. తిన్నగా ఉన్న రోడ్డు గురించి ఎవరూ ఫోన్ చేయరు. ఫోన్లన్నీ మలుపుల మీదే. "సర్కిల్ గుండ్రంగా లేదేంటి సార్?", "బండి కాలవలో పోతున్నట్టు చూపిస్తోంది", "నేను ఫ్లైఓవర్ కింద ఉంటే పైన ఉన్నానంటోంది". వింటే అన్నీ ఒకే గోలలా ఉంటాయి గానీ ఒక్కోదాని మందు వేరు.

మందు వేసే ముందు ఒక సంగతి తెలిసుండాలి. మామూలుగా వాడే మ్యాపు డేటాబేసుల్లో వంపు అనేదే ఉండదు. ఉండేవి పాయింట్లు, ఒక్కోదానికి ఒక అక్షాంశం, ఒక రేఖాంశం. వాటిని వరసగా సరళరేఖలతో కలిపితే అదే రోడ్డు. అందరూ కలిసి గీసే ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోనూ ఇంతే. కాబట్టి మలుపు పాడైందంటే గీసేటప్పుడో, దాచేటప్పుడో, చూపించేటప్పుడో పాడై ఉండాలి.

ఎక్కడో తేల్చడానికి రోడ్డు పాయింట్లను గీతలు లేకుండా ఉత్త చుక్కలుగా ఉపగ్రహ చిత్రం మీద వేసి చూడండి. చుక్కలు తక్కువుంటే గీసిన చోటో, తర్వాత తగ్గించిన చోటో తప్పుంది. సరిపడా ఉన్నా రోడ్డుకు అటూ ఇటూ చెదిరి ఉంటే దాచిన పద్ధతిని చూడాలి. చక్కగా రోడ్డు మీదే ఉంటే స్క్రీన్‌ను అనుమానించండి. మేము మొదట్లో ఇది చేయకుండా రెండు రోజులు యాప్ కోడ్‌ను తిట్టుకుంటూ కూర్చున్నాం.

"సర్కిల్ పలకలు పలకలుగా ఉంది"

పాయింట్లు చాలలేదు. ఎన్ని చాలతాయో లెక్క ఉంది. మలుపును విల్లు అనుకోండి, రెండు పాయింట్ల మధ్య మనం గీసే సరళరేఖ దాని నారి. నారి మధ్య నుంచి విల్లుదాకా ఉండే దూరాన్ని మన పాత గణితంలో శరం అన్నారు, అంటే బాణం. అర్జునుడు తపస్సు చేశాడని చెప్పుకునే కొండ కింద కూర్చుని ఈ లెక్క చేయడం నాకు సరదాగానే ఉంటుంది. మన గీత అసలు రోడ్డుకు ఎంత దూరం జరిగిందో చెప్పేది ఆ శరమే. నారి పొడవును దానితోనే గుణించి, వ్యాసార్ధానికి 8 రెట్లతో భాగిస్తే ఇంచుమించుగా వస్తుంది.

20 మీటర్ల వ్యాసార్ధం ఉన్న సర్కిల్‌ను 8 పాయింట్లతో గీస్తే శరం 1.5 మీటర్లు, 16 పాయింట్లతో గీస్తే 40 సెంటీమీటర్ల లోపే. పాయింట్లు రెట్టింపైతే తప్పు నాలుగో వంతుకు పడిపోతుంది. మేము అర మీటరు దాకా ఒప్పుకుంటాం. ఆ లెక్కన 20 మీటర్ల సర్కిల్‌కు దాదాపు 9 మీటర్లకో పాయింటు చాలు, 300 మీటర్ల వ్యాసార్ధం ఉన్న హైవే వంపుకైతే 34 మీటర్లకొకటి. తిన్నటి రోడ్డుకు ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి.

ఎందుకైనా మంచిదని మీటరుకో పాయింటు పెట్టకండి. మౌస్ పట్టుకున్న చెయ్యి వణికిన వణుకంతా రోడ్డులోకి వస్తుంది.

"నిన్న బాగుంది, సేవ్ చేశాక వంపు పోయింది"

ఇది మేమే చేసిన ఘనకార్యం. ఉండవల్లి వైపు కరకట్ట రోడ్డును జాగ్రత్తగా గీశాం. ఫైలు బరువెక్కిందని, అనవసరం అనిపించిన పాయింట్లను తీసేసే సింప్లిఫై కొట్టాం. ఎంత తేడా ఒప్పుకుంటావని అది అడిగితే 0.0001 అని ఇచ్చాం. అంకె చూస్తే చిన్నదే, కానీ అది డిగ్రీల్లో. మన దగ్గర ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 110 కిలోమీటర్లు, రేఖాంశమైతే 107. అంటే 11 మీటర్ల దాకా పక్కకు జరగడానికి మేమే అనుమతి ఇచ్చాం. దానికి తోచినట్టు అది జరిపేసింది.

డేటాను ముందు మీటర్లలోకి మార్చుకోండి. భూమిని జోన్లుగా విడదీసి మీటర్లలో కొలిచే యూటీఎమ్ పద్ధతిలో విజయవాడ, గుంటూరు రెండూ 44 ఉత్తర జోన్‌లోకి వస్తాయి. అక్కడ 0.5 అని ఇస్తే అర మీటరే. ఇంకో మెలిక ఉంది. ఎక్కువమంది వాడే డగ్లస్-ప్యూకర్ పద్ధతి గీత రెండు చివరలనే తప్పకుండా కాపాడుతుంది. మధ్యలో సందు కలిసే పాయింటు అనవసరం అనిపిస్తే తీసేస్తుంది, ఆ సందు గాల్లో వేలాడుతుంది. అందుకే రోడ్లను ముందు జంక్షన్ల దగ్గర ముక్కలు చేసి తర్వాతే సింప్లిఫై చేయాలి. పోయిన పాయింట్లను ఏ టూలూ వెనక్కి తేలేదు, అసలు ఫైలు పక్కన పెట్టుకోండి.

"రోడ్డు వణుకుతోంది, మెట్లు మెట్లుగా ఉంది"

వణుకు ఉత్తర దక్షిణాల కంటే తూర్పు పడమరల్లో ఎక్కువుందా? అయితే అంకెలను 32 బిట్ల ఫ్లోట్‌లో, అంటే దశాంశాలను తక్కువ చోటులో ఇరికించే పద్ధతిలో, దాచి ఉంటారు. విజయవాడ రేఖాంశం 80.6 దగ్గర ఆ ఫ్లోట్ వేయగల అతి చిన్న అడుగు సుమారు 80 సెంటీమీటర్లు. అక్షాంశం 16.5 చిన్న అంకె కనుక అక్కడ అడుగు 20 సెంటీమీటర్లే. అందుకే తేడా ఒక దిక్కులో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దానికి రెట్టింపు చోటు తీసుకునే డబుల్‌కు మారండి. స్థలం చాలదంటే డిగ్రీలను కోటితో గుణించి పూర్ణాంకంగా దాచండి. 180 డిగ్రీలైనా 180 కోట్లే, అదే 32 బిట్లలో పడుతుంది, అడుగు సెంటీమీటరు అవుతుంది.

బాగా దగ్గరికి జూమ్ చేస్తేనే వణుకు కనిపిస్తే డేటా జోలికి వెళ్లొద్దు. 12వ జూమ్‌కు చేసిన టైల్‌నే, అంటే మ్యాపును చదరాలుగా కోసిన ముక్కనే, సాగదీసి చూపిస్తున్నారేమో చూడండి. అందులో పాయింట్లు సర్దుకునే గడి 2 మీటర్ల పైనే ఉంటుంది. 14 దాకా టైల్స్ చేస్తే 60 సెంటీమీటర్ల లోపుకు వస్తుంది.

"రోడ్డు కాలవలోకి పోయింది"

బందరు కాలువ పక్కన మాకు ఇలాగే వచ్చింది. చుక్కలు రోడ్డు మీదే ఉన్నాయి, గీత మాత్రం నీళ్లలో. మలుపు నున్నగా కనబడాలని యాప్‌లో స్ప్లైన్, అంటే పాయింట్ల గుండా వంపు గీత గీసే పద్ధతి, పెట్టారు. పాయింట్లు ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా ఉంటే స్ప్లైన్ వేగంగా వచ్చిన బండిలా మలుపు దాటి బయటికి పోతుంది. దాన్ని తీసేయడమే నా సలహా. కాదు ఉండాల్సిందే అంటే సెంట్రిపెటల్ క్యాట్‌ముల్-రోమ్ రకం పెట్టండి, పొంగు చాలా తగ్గుతుంది.

"ఘాట్ రోడ్డు దూరం తక్కువ చూపిస్తోంది"

అందరూ వాలును అంటారు, వాలుది తప్పు లేదు. 6 శాతం వాలున్నా పొడవులో తేడా వెయ్యికి రెండు కూడా ఉండదు. యూటర్న్ లాంటి మలుపును మూడే పాయింట్లతో గీస్తే మాత్రం ఆ మలుపు పొడవులో 10 శాతం ఎగిరిపోతుంది. పాయింట్లు పెంచండి.

"కింద ఉన్నా పైన చూపిస్తోంది"

2020లో తెరిచిన కనకదుర్గ ఫ్లైఓవర్, దాని కింది రోడ్డు కొండకూ కృష్ణకూ మధ్య దాదాపు ఒకే వంపు తిరుగుతాయి. జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ అయితే బండి గీత మారుతుంది. దీనికి పాయింట్లు పెంచి లాభం లేదు. ర్యాంప్ దగ్గర తప్ప మధ్యలో పైకి ఎక్కలేదని ప్రోగ్రామ్‌కు తెలియాలి. ముందుగా, దగ్గరి పాయింట్లను కలిపేసే టూల్ ఎవరైనా నడిపారేమో కనుక్కోండి. అది పై రోడ్డును, కింది రోడ్డును ఒకే పాయింటుతో ముడేస్తుంది, అక్కడ లేని జంక్షన్ పుడుతుంది. ముడి విప్పి, పైదానికి వంతెన అని, లేయర్ 1 (నేలకు ఒక వరస పైన) అని గుర్తు పెట్టండి.

ఇంత గొడవెందుకు, వంపును వంపుగానే దాచొచ్చుగా?

దాచొచ్చు. పోస్ట్‌జీఐఎస్ అనే మ్యాపు డేటాబేసులో సర్క్యులర్‌స్ట్రింగ్ ఉంది: మొదలు, మధ్యలో ఒకటి, చివర, మూడు పాయింట్లతో అసలైన చాపం. కానీ ఎక్కువగా వాడే మ్యాపు ఫైలు రకాలు జియోజేసన్‌కు, షేప్‌ఫైల్‌కు చాపం తెలియదు. పైగా హైవే మలుపు పూర్తిగా చాపం కూడా కాదు, స్టీరింగ్ కొద్దికొద్దిగా తిప్పినట్టు వంపు నెమ్మదిగా పెరుగుతుంది. సెల్ఫ్ డ్రైవింగ్ పరీక్షలకు వాడే ఓపెన్‌డ్రైవ్‌లో అందుకే రేఖ, చాపంతో పాటు స్పైరల్ కూడా ఉంటుంది. డెలివరీ యాప్‌కు ఇవేవీ అక్కర్లేదు. సర్క్యులర్‌స్ట్రింగ్ వాడి తీరాలంటే ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు డిఫాల్ట్ మార్చుకోండి. లేకపోతే పోస్ట్‌జీఐఎస్ పావు వృత్తానికి 32 ముక్కల చొప్పున కోసి, మీ చిన్న సర్కిల్‌కు 128 ముక్కలు చేసి చేతిలో పెడుతుంది.