మ్యాచ్ వార్త షేర్ చేసే ముందు జాగ్రత్తలు

ముందు స్కోర్‌కార్డ్ తెరవండి, వార్త తర్వాత. 2024 ఏప్రిల్ 15న బెంగళూరులో ఐపీఎల్ మ్యాచ్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్ 287 కొట్టింది. హెడ్డింగ్‌లో "ఊచకోత" అని ఉంటే, అవతలి జట్టు ఆర్సీబీ (బెంగళూరు) కూడా 262 చేసిందని, తేడా 25 పరుగులేనని లోపల రాశారో లేదో చూడండి. అదే సీజన్ ఫైనల్లో మన సన్‌రైజర్స్ వాళ్లు 113కే ఆలౌటయ్యారు. మనం ఓడితే "దురదృష్టం", అవతలివాళ్లు ఓడితే "చేతులెత్తేశారు" అని ఉందంటే రాసింది అభిమానే. (నేనూ అభిమానినే, ఆ రాత్రి నాకూ అన్నం సయించలేదు.)

విశేషణాలు కొట్టేసి మళ్లీ చదవండి. ఏం మిగిలింది?

ఆటగాడి పొగడ్త మధ్యలో బ్యాట్ కంపెనీ పేరో, యాప్ పేరో దూరిందా? అడుగున చిన్న అక్షరాల్లో "స్పాన్సర్డ్" ఉందేమో వెతకండి.

"అభిమానులు అంటున్నారు" అన్నచోట ఎవరు, ఎంతమంది అన్నది కూడా.