మాంద్యం పోయినా ఉద్యోగాలు ఎందుకు రాలేదు? 2009 తర్వాతి అమెరికా: సమస్య - పరిష్కారం

సమస్య: లెక్క ప్రకారం అమెరికాలో మాంద్యం 2009 జూన్‌లోనే ముగిసింది. నిరుద్యోగం మాత్రం అదే ఏడాది అక్టోబరులో 10 శాతానికి చేరి, 2011 దాకా 9 శాతం దరిదాపుల్లోనే తిష్ఠ వేసింది. పోయిన దాదాపు 87 లక్షల ఉద్యోగాలు తిరిగి రావడానికి 2014 దాకా పట్టింది.

లక్షణం 1: అసలు ఖాళీలే లేవు

2009 మధ్యలో ఒక్కో ఖాళీకి ఆరుగురికి పైగా నిరుద్యోగులు ఉన్నారు.

కారణం: కొనేవాళ్ళు లేకపోవడం. ఇళ్ళ ధరలు కూలాక లక్షల కుటుంబాలకు ఇంటి విలువకన్నా ఇంటి మీద తీసుకున్న అప్పే ఎక్కువైపోయింది. అలాంటి ఇంటాయన జీతం రాగానే ముందు వాయిదా కట్టుకుంటాడు, వంటగది బాగుచేయించడం వాయిదా వేస్తాడు, దాంతో వడ్రంగికి పని పోతుంది, ఆ వడ్రంగి రోజూ భోంచేసే హోటల్లో ఒక సర్వర్‌ని తీసేస్తారు. నెవాడా రాష్ట్రంలో ఇళ్ళ నిర్మాణమే ఆగిపోవడంతో నిరుద్యోగం 13 శాతం దాటింది.

పరిష్కారం: జనం ఖర్చు పెట్టలేనప్పుడు ప్రభుత్వం పెట్టాలి. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ 2008 డిసెంబరులోనే వడ్డీని సున్నా దగ్గరికి దించేసింది, ఇక దించడానికి చోటు లేదు. 2009 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం నుంచి 787 బిలియన్ డాలర్ల ప్యాకేజీ వచ్చింది, మంచిదే. కానీ చాలా రాష్ట్రాలు చట్టప్రకారం లోటు బడ్జెట్ నడపకూడదు, పన్నులు పడిపోయేసరికి టీచర్లను తీసేశాయి. కేంద్రం పెట్టిన ఖర్చులో కొంత అక్కడే ఆవిరైంది. రాష్ట్రాలకు ఇంకా ఎక్కువ డబ్బు, ఇంకా ఎక్కువ కాలం ఇవ్వాల్సింది.

లక్షణం 2: ఆర్నెల్లు దాటితే ఇంటర్వ్యూ కాల్స్ ఆగిపోతున్నాయి

2010లో నిరుద్యోగుల్లో 40 శాతానికి పైగా 27 వారాలు, అంతకుమించి ఖాళీగా ఉన్నవాళ్ళే.

కారణం: రెజ్యూమేలో గ్యాప్. పరిశోధకులు ఒకే రకం అర్హతలతో ఉత్తుత్తి దరఖాస్తులు పంపి చూస్తే, ఎక్కువకాలం ఖాళీగా ఉన్నట్టు చూపిన వాటికి పిలుపులు బాగా తగ్గాయి. పనివాడిలో మార్పేమీ లేదు, గడిచిన కాలమే అతని మీద మచ్చగా మారింది. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే విషయం ఇదే.

పరిష్కారం: ఉద్యోగం పోకముందే పట్టుకోవాలి. 2009లో జర్మనీ ఆర్థిక వ్యవస్థ 5 శాతానికి పైగా కుంగినా అక్కడ నిరుద్యోగం పెద్దగా పెరగలేదు. కంపెనీలు మనుషుల్ని తీసేయకుండా పనిగంటలు తగ్గించాయి, తగ్గిన జీతంలో కొంత ప్రభుత్వం భర్తీ చేసింది.

తప్పుడు నిర్ధారణ: "వాళ్ళకి స్కిల్స్ లేవు"

ఇదే కారణమైతే స్కిల్స్ ఉన్నవాళ్ళ జీతాలు ఎగబాకాలి. అలా జరగలేదు, డిగ్రీ ఉన్నవాళ్ళలోనూ నిరుద్యోగం రెట్టింపైంది. అంతకుముందు రెండేళ్ళూ ఏప్రిల్‌లో రోజుల్లోనే నిండిపోయిన హెచ్-1బి (విదేశీ నిపుణులకిచ్చే ఉద్యోగ వీసా) కోటా 2009లో డిసెంబరు దాకా నిండలేదు. ఆ ఏడాది ఎమ్మెస్ పూర్తిచేసిన మన పిల్లలు ఇంకో కోర్సు చేసినంత మాత్రాన ఆ ఖాళీలు పుట్టేవి కావు. 2019కి నిరుద్యోగం 3.5 శాతానికి దిగింది, మధ్యలో దేశమంతా కొత్తగా చదువుకుని వచ్చిందేమీ లేదు.

"నిరుద్యోగ భృతి ఇస్తే పని వెతకరు" అన్నది కూడా ఇలాంటిదే. భృతి తీసుకోవాలంటే పని వెతుకుతున్నట్టు చూపించాలి, ఆ డబ్బు కూడా వెంటనే కిరాణా కొట్టుకో అద్దెకో పోతుంది, అంటే గిరాకీగా మారుతుంది. 2013 డిసెంబరు చివర్లో భృతి గడువును కేంద్రం పొడిగించడం ఆపేసినప్పుడు ఒక్కసారిగా దాదాపు 13 లక్షల మందికి భృతి ఆగిపోయింది. అప్పటికి నిరుద్యోగం ఇంకా 7 శాతం దగ్గరే ఉంది. ఆర్నెల్లు దాటినవాళ్ళ సంఖ్య మామూలు స్థాయికి దిగేదాకా ఆ పొడిగింపును కొనసాగించాల్సింది.