రెజ్యూమేలో గ్యాప్ ఉంటే దాచకండి

పాప పుట్టాక ఉద్యోగం మానేసి మళ్లీ వెతుక్కునేటప్పుడు, ఆ ఖాళీ కనబడకుండా పాత కంపెనీ తేదీలు పొడిగించి రాయకండి. పీఎఫ్ ఉన్న ఉద్యోగమైతే చేరిన తేదీ, మానేసిన తేదీ పీఎఫ్ ఖాతాలన్నిటికీ కలిపి మీకిచ్చే 12 అంకెల నంబరు అయిన యూఏఎన్‌లో సర్వీస్ హిస్టరీ కింద ఉంటాయి. వెరిఫికేషన్‌లో తేడా వస్తే, ఆఫర్ లెటర్ ఇచ్చాక కూడా వెనక్కి తీసుకోవచ్చు.

దాని బదులు ఒక్క లైను చాలు: "జూన్ 2022 – మార్చి 2024: పాప పెంపకం కోసం విరామం. చివరి ఆరు నెలల్లో టాలీ ప్రైమ్, జీఎస్‌టీ రిటర్న్‌లు నేర్చుకున్నాను." ఇంటర్వ్యూలో అడిగినా ఇంతే చెప్పి, ఇప్పుడు ఏ పని చేయగలరో చెప్పండి. సంజాయిషీ అక్కర్లేదు, బిడ్డను చూసుకోవడం తప్పు కాదు కదా!

అన్నట్టు, పీఎఫ్‌లో మానేసిన తేదీ పడిందో లేదో ముందే చూసుకోండి. కంపెనీ వేయకపోతే, మానేసిన రెండు నెలల తర్వాత పీఎఫ్ పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు.