ఏ రూల్ తప్పుతున్నారో ఆ ఒక్కటి తెలిస్తే చాలు

వ్యాకరణం మొత్తం నేర్చుకున్నాకే కథ రాయాలా అని అడుగుతుంటారు. అక్కర్లేదు. బాలవ్యాకరణం పూర్తిచేశాకే మొదలుపెడదాం అనుకుంటే మొదటి కథ రిటైరయ్యాక వస్తుంది. కాకపోతే ఏ రూల్‌ని దాటబోతున్నారో దాన్ని మాత్రం గట్టిగా పట్టుకోండి.

స్పెల్లింగ్‌తో ప్రయోగాలు వద్దు. బాధని "భాద" అని రాస్తే అది శైలి అని ఎవరూ అనుకోరు. "నీ మాటకి అర్ధం లేదు" అంటే సగం లేదని. మీరు చెప్పాలనుకున్నది అర్థం. ఎవరికైనా తరచూ తప్పే మాటలు పదో పదిహేనో ఉంటాయి, అవి ఫోన్‌లో రాసిపెట్టుకుని అనుమానం వచ్చినప్పుడల్లా నిఘంటువు చూడండి, కీబోర్డు చూపించే మాటని నమ్మకండి, అది మీ తప్పుల్నే నేర్చుకుని మీకే తిరిగి వడ్డిస్తుంది. కథలో రెండో తరగతి పిల్లాడు ఉత్తరం రాస్తే మాత్రం "బాద" అనే రాయనివ్వండి. మిగతా కథంతా శుభ్రంగా ఉంటేనే ఆ తప్పు పిల్లాడిదని తెలుస్తుంది, లేకపోతే మీ ఖాతాలో పడుతుంది.

యాస సంగతి వేరు. అసలు యాసలో రాయడం రూల్ తప్పడం కానే కాదు, దాని రూల్స్ దానికున్నాయి. తెలంగాణలో నేను వచ్చిన, నువ్వు వచ్చినవ్, వాడు వచ్చిండు, అమ్మ వచ్చింది, వాళ్లు వచ్చిన్రు. నాలుగు సినిమాలు చూసి దొరికిన క్రియకల్లా "ండు" తగిలిస్తే, ఆ ఊరివాళ్లు రెండో లైన్లోనే పుస్తకం మూసేస్తారు. ఆ యాస మాట్లాడేవాళ్లని అడిగి, ఒప్పుకుంటే ఓ పది నిమిషాలు రికార్డు చేసుకోండి. విన్నది విన్నట్టు రాసి, ఒకే క్రియ ఎవరికి ఎలా మారుతోందో పట్టిక వేసుకోండి. "వచ్చిన్రు", "వచ్చిండ్రు" రెండూ వినిపిస్తాయి, ఒక మనిషి నోట ఒకటే ఉంచండి. రాశాక వాళ్లకే చదివి వినిపించండి, ఎక్కడ నవ్వితే అక్కడ దిద్దుకోవాలి (జోకు దగ్గరైతే ఓకే).

వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గ్రాంథికం రాక పోరాడలేదు. గ్రాంథికమే గొప్పదన్న పండితుల రాతల్లో, వాళ్ల వ్యాకరణం ప్రకారమే తప్పులు ఏరి చూపించాడాయన. మనకి అంత అవసరం లేదులెండి.

ప్రూఫ్ దిద్దేవాళ్లు మీ మాట మార్చారనుకోండి, పక్కన "కావాలనే రాశాను, ఎందుకంటే" అని ఒక్క లైను రాయండి. ఆ "ఎందుకంటే" తర్వాత ఏమీ తోచకపోతే వాళ్లు దిద్దినట్టే ఉంచేయండి.