మైలు లెక్కన కారు బీమా: సంతకం పెట్టేముందు వేసుకోవలసిన లెక్కలు

అమెరికాలో ఇంటి నుంచే పని చేసేవారికి, రెండో కారును వారానికి ఒకటి రెండు సార్లు మాత్రమే బయటికి తీసేవారికి మైలు లెక్కన కట్టే బీమా ఆకర్షణీయంగా కనిపించడం సహజం. ఇందులో బిల్లు రెండు భాగాలుగా వస్తుంది. కారు గ్యారేజీలోంచి కదలకపోయినా కట్టవలసిన నెలవారీ స్థిర మొత్తం ఒకటి కాగా, తిరిగిన ప్రతి మైలుకూ కొన్ని సెంట్ల చొప్పున పడేది రెండోది. ఎన్ని మైళ్లు తిరిగారో ఏదో ఒక పద్ధతిలో కొలవాలి కాబట్టి, ఆ పద్ధతిని బట్టి మీ గురించి ఇంకా ఎంత సమాచారం కంపెనీకి చేరుతుందన్నది తేలుతుంది. ముందుగా డబ్బు లెక్క చూసుకోవడం మంచిది, ఎందుకంటే అక్కడే లాభం లేదని తేలితే మిగతా చర్చ అక్కర్లేదు.

మనం ఎంత తిరుగుతామన్నది అంచనాతో చెప్పేది కాదు. పాత ఆయిల్ చేంజ్ రసీదులు తీసి చూడండి. వాటి మీద తేదీతో పాటు ఓడోమీటర్ రీడింగ్ కూడా సాధారణంగా ముద్రించి ఉంటుంది. ఏడాది ఎడం ఉన్న రెండు రసీదుల రీడింగులు తీసివేస్తే అసలు సంఖ్య వస్తుంది. అమెరికాలో సగటు డ్రైవరు ఏటా సుమారు 13,500 మైళ్లు తిరుగుతాడని ఫెడరల్ హైవే విభాగం లెక్క. మీ సంఖ్య దానికి దగ్గరగా ఉంటే ఈ పాలసీ మీకు పనికొచ్చే అవకాశం తక్కువ. 10,000 లోపు ఉంటే కొటేషన్ అడగవచ్చు, 5,000 లోపైతే తప్పకుండా అడగాలి. అమ్మానాన్నలు వచ్చి ఉన్న వేసవినీ, ఆ మూడు నెలల్లో వారాంతాల్లో చేసిన దూరప్రయాణాలనూ మరిచిపోయి వేసే లెక్కలే ఎక్కువగా తప్పుతాయి.

ఇప్పుడు ఎన్ని మైళ్ల దగ్గర రెండు పాలసీల ఖర్చు సమానమవుతుందో చూడాలి. ఉదాహరణకు మీరిప్పుడు నెలకు 120 డాలర్లు కడుతున్నారనీ, కొత్త పాలసీలో స్థిర మొత్తం 60 డాలర్లు, మైలుకు 6 సెంట్లు అనీ అనుకుందాం. తేడా 60 డాలర్లను 6 సెంట్లతో భాగిస్తే నెలకు 1,000 మైళ్లు వస్తాయి. నెలకు 400 మైళ్లు తిరిగేవారికి 84 డాలర్లతో సరిపోతుంది గాని, 1,300 మైళ్లు తిరిగిన నెలలో 138 డాలర్లు కట్టాలి. చాలా కంపెనీలు ఒక రోజులో సుమారు 250 మైళ్లు దాటిన ప్రయాణానికి అదనంగా వసూలు చేయవు. మీ పాలసీలో ఆ పరిమితి ఎంతో కనుక్కోండి.

పోల్చేటప్పుడు రెండు పాలసీలలోనూ లయబిలిటీ పరిమితులు (ఇతరులకు జరిగిన నష్టానికి కంపెనీ చెల్లించే గరిష్ఠ మొత్తం), డిడక్టిబుల్ (క్లెయిమ్‌లో ముందుగా మీరే భరించే మొత్తం) ఒకటేనా అని చూడకపోతే ఈ లెక్కంతా వృథా. ఒక కారును వేరే కంపెనీకి మారిస్తే రెండు కార్లకు, ఇంటికి కలిపి వస్తున్న తగ్గింపు పోవచ్చు. ఆ నష్టాన్ని కూడా పద్దులో వేయాలి.

ఇక కొలిచే పద్ధతులు. అన్నిటికన్నా తక్కువ సమాచారం తీసుకునేది ఓడోమీటర్ ఫొటో పద్ధతి. మైల్ ఆటో వంటి కంపెనీలు నెలకోసారి ఫొటో పంపమంటాయి, ఎక్కడికి వెళ్లారన్నది అడగవు. రెండోది, స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టులో (మెకానిక్ కారు లోపాలను చదివే సాకెట్) గుచ్చే చిన్న పరికరం. అమెరికాలో 1996 మోడల్ నుంచి అమ్మిన కార్లన్నిటికీ ఈ పోర్టు తప్పనిసరైంది, అయితే కొన్ని ఎలక్ట్రిక్ కార్లలో అది ఉండదు. ఆ పరికరం కారు ఆగి ఉన్నప్పుడు కూడా కొద్దిగా కరెంటు తీసుకుంటుంది. తక్కువ తిరిగేవారి కార్లే వారాల తరబడి ఆగి ఉంటాయి కాబట్టి, పాతబడిన బ్యాటరీ ఒక ఉదయం మొరాయించే ప్రమాదం సరిగ్గా ఈ పాలసీకి తగినవారికే ఎక్కువ. మూడోది ఫోన్ యాప్. మీరు స్నేహితుడి కారులో పక్క సీట్లో కూర్చున్నా అది మీ ప్రయాణంగానే నమోదు కావచ్చు. దాన్ని ప్రతిసారీ మీరే సరిచేయాలి. నాలుగోది, కారులోనే తయారీ కంపెనీ అమర్చిన ఇంటర్నెట్ వ్యవస్థ.

మైళ్లు కొలవడం వేరు, డ్రైవింగ్ తీరును కొలవడం వేరు. సడన్ బ్రేకులు, వేగం, అర్ధరాత్రి ప్రయాణాలు కూడా లెక్కలోకి తీసుకుని మైలు రేటు మార్చే పాలసీలు ఉన్నాయి. రాత్రి షిఫ్టు నర్సుకు ఇది అన్యాయమని నా అభిప్రాయం, ఆ వేళల్లో తిరగడం ఆమె ఎంపిక కాదు. కాలిఫోర్నియాలో మాత్రం 1988లో ఓటర్లు ఆమోదించిన ప్రపోజిషన్ 103 చట్టం ప్రకారం ప్రీమియం నిర్ణయంలో డ్రైవింగ్ రికార్డు తరువాతి స్థానం ఏటా తిరిగే మైళ్లదే. అక్కడ ఇలాంటి పరికరాన్ని మైళ్లు కొలవడానికే వాడాలి.

సేకరించిన సమాచారం ఎక్కడికి పోతుందన్న భయం ఊహాజనితం కాదు. జనరల్ మోటార్స్ కార్ల నుంచి సేకరించిన డ్రైవింగ్ వివరాలు లెక్సిస్‌నెక్సిస్, వెరిస్క్ అనే సమాచారం సేకరించి అమ్మే సంస్థల ద్వారా బీమా కంపెనీలకు చేరుతున్నాయని 2024 మార్చిలో పత్రికల్లో వచ్చింది. జనరల్ మోటార్స్ ఐదేళ్లపాటు అలాంటి సంస్థలకు ఆ వివరాలు ఇవ్వకుండా వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో ఆంక్ష ప్రకటించింది. లెక్సిస్‌నెక్సిస్ దగ్గర మీ పేరు మీద ఏముందో తెలిపే నివేదికను ఏడాదికోసారి ఉచితంగా తెప్పించుకోవచ్చు. పాలసీ మార్చేముందే అది తెప్పించి చదవండి.

ట్రాకింగ్ వల్ల మేలు లేకపోలేదు. దొంగతనానికి గురైన కారు ఆచూకీ దొరకవచ్చు. ప్రమాదం జరిగినప్పుడు మీరు నెమ్మదిగానే వెళ్తున్నారని అదే రికార్డు చెప్పవచ్చు. వేగంగా వెళ్లి ఉంటే అదే రికార్డు కోర్టులో మీకు ఎదురు తిరగవచ్చు కూడా.

స్థానాన్ని నమోదు చేస్తారా, ఎంతకాలం దాస్తారు, ఇతరులకు ఇస్తారా, రెన్యువల్‌లో మైలు రేటు పెంచడానికి వాడతారా అన్నవి ఈమెయిల్‌లో అడిగి, జవాబును దాచిపెట్టుకోండి. నచ్చక మానుకున్న రోజున ఓడోమీటర్ ఫొటో తీసి ఆఖరి బిల్లుతో సరిచూసుకోండి. పరికరాన్ని గడువులోగా తిప్పి పంపకపోతే దాని ఖరీదు వసూలు చేసే కంపెనీలున్నాయి. యాప్‌ను తీసేయడంతో సమాచారం చెరిగిపోదు, చెరిపేయమని విడిగా రాతపూర్వకంగా కోరాలి.